ల్యాప్‌టాప్‌కు కేబుల్ తాళం: ఎంచుకోవడం, కట్టడం, కాపాడుకోవడం

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో ల్యాప్‌టాప్ ఇప్పుడు బీరువాలో దాచుకునే వస్తువు కాదు. డీఎస్సీకీ గ్రూప్స్‌కూ చదివేవాళ్ళు రోజంతా కూర్చునే స్టడీ హాళ్ళలో, ఎచ్చెర్ల, రాజాం, టెక్కలి కళాశాలల చుట్టూ ఉన్న హాస్టళ్ళలో, మీసేవ కేంద్రాల్లో, ఫొటోస్టాట్ దుకాణాల్లో అది పొద్దున్నుంచి రాత్రి వరకు బల్ల మీద తెరిచే ఉంటుంది. యజమాని టీకో, భోజనానికో, ఫోన్ మాట్లాడడానికో లేచి వెళ్ళిన ఆ కొద్ది నిమిషాలే దొంగకు కావలసిన సమయం. మూత వేసి చంకన పెట్టుకుని నడిచిపోతే చూసినవాళ్ళు కూడా అది అతనిదే అనుకుంటారు. ల్యాప్‌టాప్ అంచున ఉన్న రంధ్రంలో ఒక కొన బిగిసి, రెండో కొన కదలని వస్తువుకు చుట్టుకునే ఉక్కు తీగ తాళమే కేబుల్ తాళం. అది అడ్డుకునేది సరిగ్గా ఈ రకం దొంగతనాన్నే. కట్టర్ తెచ్చుకుని, ఎవరూ లేని రాత్రి తీరిగ్గా పని చేసుకునే దొంగను అది ఆపలేదు, ఆ పని దానినుంచి ఆశించకూడదు. నలుగురు తిరిగే చోట వస్తువును ఎత్తుకుపోవడం కష్టమయ్యేలా, శబ్దం అయ్యేలా, ఆలస్యం అయ్యేలా చేయడమే దాని ప్రయోజనం.

ఈ వ్యాసంలో నేను ఎక్కువగా చెప్పబోయేది తాళం గురించి కాదు, దాన్ని దేనికి కడుతున్నారన్న దాని గురించి. కొనేటప్పుడు అందరూ తీగ మందం చూస్తారు, కంపెనీ పేరు చూస్తారు. తీరా తెచ్చి తేలికపాటి బల్ల కాలికి చుట్టి, భద్రంగా ఉందనుకుంటారు. గట్టి పలుపుతో ఆవును కట్టి గుంజను ఇసుకలో పాతినట్టు అవుతుంది అది.

మీ యంత్రానికి స్లాట్ ఉందా, ఏ రకం?

కొనడానికి ముందు ల్యాప్‌టాప్ అంచులను టార్చి వెలుగులో పరిశీలించండి. ఎడమ లేదా కుడి అంచున, ఎక్కువగా వెనక మూలకు దగ్గరగా, చిన్న దీర్ఘచతురస్రపు రంధ్రం ఉంటుంది. దాని పక్కన తాళంకప్ప బొమ్మ చెక్కి ఉండవచ్చు. 1990ల మొదట్లో కెన్సింగ్టన్ అనే కంపెనీ తెచ్చిన ఈ ఏర్పాటును తర్వాత చాలా కంపెనీలు తమ యంత్రాల్లో పెట్టాయి. అందుకే వ్యవహారంలో దీనిని కెన్సింగ్టన్ స్లాట్ అనే పిలుస్తారు. పాత, మధ్యరకం ల్యాప్‌టాప్‌లలో కనిపించే ప్రామాణిక స్లాట్ సుమారు 7 మిల్లీమీటర్ల పొడవు, 3 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. పలుచని యంత్రాల కోసం వచ్చిన నానో స్లాట్ సుమారు 6 మిల్లీమీటర్లు, రెండున్నర మిల్లీమీటర్లు. మూడో రకం వెడ్జ్ స్లాట్. ఇది మిగతా రెండింటికన్నా పొట్టిగా ఉంటుంది, లోపల ఏటవాలుగా ఉంటుంది, డెల్ యంత్రాలు చాలావాటిలో కనిపిస్తుంది. ఒక రకానికి చేసిన తాళం మరో రకానికి పట్టదు. పట్టినట్టు అనిపించినా లాగితే ఊడి వస్తుంది. తేడాలన్నీ ఒకటి రెండు మిల్లీమీటర్లలోనే ఉంటాయి కాబట్టి కంటి అంచనాను నమ్మవద్దు. పిల్లల జామెట్రీ పెట్టెలోని స్కేలుతో కొలిచి చూడండి, లేదా యంత్రం అడుగున ఉన్న మోడల్ నంబరు పట్టుకుని కంపెనీ వెబ్‌సైట్‌లో దాని వివరాల పట్టిక తెరిచి, లాక్ స్లాట్ అన్నచోట ఏముందో చదవండి. వేర్వేరు కొనలను మార్చి బిగించుకునే తాళాలు కూడా దొరుకుతున్నాయి. ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలకు వేర్వేరు ల్యాప్‌టాప్‌లు ఉన్నవాళ్ళకు అవి అనువైనవి.

రంధ్రం దొరికాక దాని అంచు లోహమా, ప్లాస్టిక్కా అన్నది కూడా చూడండి. టార్చి వేసి చూస్తే కొన్నింటిలో ప్లాస్టిక్ పొర వెనక ఉక్కు పలక మెరుస్తూ కనిపిస్తుంది. కొన్నింటిలో ప్లాస్టిక్ తప్ప ఏమీ కనిపించదు. రెండో రకాన్ని గట్టిగా లాగితే తాళం చెక్కుచెదరదు, ల్యాప్‌టాప్ మూల చిట్లిపోతుంది. అలా చిట్లిన యంత్రానికి బేరం పడిపోతుంది గనుక దొంగకు అది నష్టమే, కాని మీకు దానివల్ల ఒరిగేది లేదు. అలాంటి యంత్రం మీదైతే తాళం వేసినా కంటికి ఆనేంత దూరంలోనే ఉండండి.

కొనేటప్పుడు

తీగ లోపల పేనిన ఉక్కు ఉండాలి. పైన ఉన్న ప్లాస్టిక్ తొడుగు మందాన్ని చూసి మోసపోవద్దు. తొడుగు లావుగా ఉండి లోపల తీగ సన్నగా ఉన్నవి బజారులో చాలా ఉన్నాయి. నాలుగు నుంచి ఐదున్నర మిల్లీమీటర్ల మధ్య మందం ఉన్నది ల్యాప్‌టాప్‌కు చాలు. పొడవు సుమారు ఆరడుగులు, అంటే 1.8 మీటర్లు, ఉంటే బల్ల మీదనుంచి గోడ దాకా అందుతుంది. బైకుకు హెల్మెట్ కట్టే సన్నని తీగ తాళాన్ని ల్యాప్‌టాప్‌కు వాడడం కొన్నిచోట్ల కనిపిస్తోంది. దాని కొన స్లాట్‌లో పట్టదు కాబట్టి సంచి పిడికి చుట్టి వదిలేస్తారు, సంచి జిప్పు తీస్తే లోపలి వస్తువు చేతికి వచ్చేస్తుంది.

తాళంచెవి రకమా, అంకెల రకమా అన్నది వాడే చోటునుబట్టి నిర్ణయించుకోవాలి. స్టడీ హాలులో రోజూ పదిసార్లు వేసి తీసేవాళ్ళకు అంకెల తాళం సుఖంగా ఉంటుంది, చెవి పోయే భయం లేదు. అయితే నాలుగు చక్రాల అంకెల తాళానికి ఉండేవి పదివేల కలయికలే. పక్కన కూర్చున్నవాళ్ళు ఒకటి రెండు రోజులు చూస్తే కనిపెట్టగలరు. కార్యాలయాలకు చెవి రకమే మంచిదని నా అభిప్రాయం. అందులోనూ గుండ్రటి గొట్టం ఆకారపు చెవితో తెరుచుకునే పాత, చవకరకం తాళాలను కొనవద్దు. ఆ రకం తాళాలు చాలావాటిని మామూలు ప్లాస్టిక్ గొట్టాలతో తెరవవచ్చని 2004లోనే బయటపడింది. చదునైన చెవి ఉండే కొత్త రకాలు దానికన్నా మెరుగు. ఒకే చోట పది ఇరవై యంత్రాలున్న కళాశాల ప్రయోగశాలకైతే, విడివిడి చెవులతోపాటు అన్నింటినీ తెరిచే ఒక మాస్టర్ చెవి ఇచ్చే రకాన్ని అడిగి తీసుకోవాలి, లేకపోతే చెవుల గుత్తితోనే సిబ్బందికి సగం పూట గడిచిపోతుంది. తాళంతో వచ్చే రెండు చెవుల్లో ఒకదాన్ని వేరే ఇంట్లో ఉంచండి. చెవి మీద చెక్కిన నంబరును రాసి పెట్టుకుంటే, కొన్ని కంపెనీలు ఆ నంబరు ఆధారంగా మారుచెవి పంపుతాయి.

దేనికి కట్టాలి

అసలు విషయం ఇదే. స్టడీ హాలులో మీ బల్ల దగ్గరే చిన్న పరీక్ష చేయండి. కేబుల్‌ను బల్ల ఇనుప కాలికి చుట్టి, తాళం వేసి, ఒక చేత్తో బల్ల అంచును రెండు అంగుళాలు పైకి లేపండి. ఇంకో చేత్తో చుట్టను కిందికి జరపండి. కాలి కింద ఉన్న రబ్బరు బిళ్ళను దాటి చుట్ట జారి బయటికి వచ్చేస్తుంది. తాళం వేసినది వేసినట్టే ఉంటుంది, ల్యాప్‌టాప్ మాత్రం కేబుల్‌తో సహా కదిలిపోతుంది. బల్ల కాళ్ళను కలుపుతూ కింద అడ్డంగా కమ్మీ ఉంటే చుట్టను ఆ కమ్మీకి పైభాగంలో, కాలికి వేయాలి. అప్పుడు ఎంత లేపినా కమ్మీ దగ్గర ఆగిపోతుంది. అడ్డకమ్మీ లేని బల్లను నమ్మవద్దు. సొరుగు పిడి, ప్లాస్టిక్ కుర్చీ చేయి, మడత మంచం, మరలతో బిగించిన అల్మారా గొళ్ళెం వంటివి కూడా పనికిరావు, ఎందుకంటే ఒక స్క్రూడ్రైవరు చాలు వాటిని విప్పడానికి.

హాస్టల్ గదిలో మంచి ఆధారం వెల్డింగ్ చేసిన ఇనుప మంచం చట్రం. నాలుగు వైపులా మూసుకుని, ఎక్కడా బోల్టు లేకుండా ఉన్న భాగాన్ని ఎంచుకోవాలి. కిటికీ ఊచలు బలమైనవే, కాని అక్కడ కడితే ల్యాప్‌టాప్ కిటికీ పక్కకు చేరుతుంది. బయటినుంచి చెయ్యి అందే కింది అంతస్తులో అయితే ఇది ప్రమాదం. జల్లు కొడితే నీళ్ళు పడతాయి కూడా. ఊచకు కట్టినా, కేబుల్ పొడవును వాడుకుని యంత్రాన్ని గది లోపలి వైపుకు పెట్టుకోండి.

ఏదీ లేనిచోట గోడకు రింగు బిగించుకోవడమే మార్గం. హార్డ్‌వేర్ దుకాణంలో రింగు ఉన్న యాంకర్ ఫాస్టనర్ అడిగితే ఇస్తారు. తెరిచి ఉన్న కొక్కెం కాకుండా పూర్తిగా మూసుకున్న రింగు కావాలి. సిమెంటు స్తంభంలోనో, స్లాబు దిమ్మెలోనో తగిన లావు డ్రిల్‌తో రంధ్రం చేసి, దుమ్ము ఊది, ఫాస్టనర్‌ను లోపలికి దించి నట్టు బిగిస్తే అది లోపల విచ్చుకుని పట్టుకుంటుంది. ఇటుక గోడలో అయితే రెండు ఇటుకల మధ్య సందులో కాక ఇటుక మధ్యలో వేయాలి. స్విచ్ బోర్డుకు నేరుగా పైన, కింద రంధ్రం చేయకూడదు, వైర్లు ఆ గీతలోనే పోతాయి. రింగును చేత్తో తిప్పి విప్పగలిగేలా వదిలేయవద్దు. నట్టు మీద వెల్డర్ చేత ఒక చుక్క పెట్టించుకుంటే ఆ బాధ తీరుతుంది. పల్లెల్లో ఇంకా ఉన్న పెంకుటిళ్ళకు ఈ పద్ధతి పనికిరాదు. మట్టి అడుసుతో కట్టిన గోడలో ఫాస్టనర్ విచ్చుకుంటే గోడ పెచ్చు ఊడుతుందే తప్ప పట్టు దొరకదు. అలాంటి ఇంట్లో నేల నుంచి దూలం దాకా నిలిచిన స్తంభానికి కేబుల్ చుట్టుకోవడం సులువు, బలం కూడా.

అద్దె గదిలో యజమాని గోడకు రంధ్రం ఒప్పుకోకపోతే, జిగురుతో అంటించే లోహపు పలకలు ఉన్నాయి. బల్ల ఉపరితలాన్ని స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, పలకను నొక్కి అంటించి, 24 గంటలు దానికి ఏ బరువూ తగిలించకూడదు. సన్‌మైకా అంచులు లేచిపోయిన బల్ల మీద అంటిస్తే సన్‌మైకాతో సహా ఊడుతుంది. వీటి మీద నాకు పెద్ద నమ్మకం లేదు. గోడ రింగు సాధ్యం కానప్పుడు మాత్రమే వాడండి.

కట్టే పద్ధతి

ముందు కేబుల్ చివర ఉన్న చుట్టను ఆధారం చుట్టూ తిప్పి, తాళం తలను ఆ చుట్టలోంచి దూర్చి, లాగి బిగించండి. తర్వాత తాళం కొనను స్లాట్‌లోకి నిటారుగా దించండి. వంకరగా తోస్తే అంచు గీరుకుపోతుంది. చెవి తిప్పినప్పుడో, మీట నొక్కినప్పుడో లోపల ఉన్న కొన అడ్డంగా తిరిగి, లేదా విచ్చుకుని, రంధ్రం గోడలను పట్టుకుంటుంది. తర్వాత తలను పట్టుకుని మెల్లగా లాగి చూడండి. కొద్దిగా కదలడం సహజం, బయటికి రాకూడదు. తాళం తల పక్కనే ఛార్జర్ పిన్ను, యూఎస్‌బీ పోర్టు ఉంటే అవి నొక్కుకుపోకుండా తలను తిప్పి ఉంచండి. కేబుల్‌ను నడకదారిలో వేలాడనివ్వవద్దు. ఎవరి కాలికో తగిలితే మనిషి పడతాడు, ల్యాప్‌టాప్ కూడా అతనితోపాటే పడుతుంది.

అంకెల తాళం కొత్తది సాధారణంగా నాలుగు సున్నాల మీద వస్తుంది. ఆ అంకెల మీద ఉంచి, కాగితంలో చూపిన మరనో బొత్తామునో స్క్రూడ్రైవరు మొనతో తిప్పి, కొత్త అంకెలు పెట్టి, మరను పూర్వస్థానానికి తేవాలి. ఈ చివరి మెట్టు మరిస్తే, తర్వాత చక్రాలు తిప్పినప్పుడల్లా అంకె మారిపోతూ ఉంటుంది, మీకే తెరుచుకోదు. అందుకే స్లాట్‌లో పెట్టకముందే చేతిలో ఉంచుకుని మూడు నాలుగుసార్లు వేసి తీసి చూడండి. పుట్టిన సంవత్సరం, బండి నంబరు, హాల్‌టికెట్ చివరి అంకెలు పెట్టవద్దు. వేసిన ప్రతిసారీ నాలుగు చక్రాలనూ చెదరగొట్టాలి. చివరి చక్రం ఒక్కటే కదిపి వదిలేసేవాళ్ళే ఎక్కువ. అప్పుడు పదిసార్లు తిప్పితే తాళం తెరుచుకుంటుంది.

స్లాట్ లేని వస్తువులు

మ్యాక్‌బుక్ ఎయిర్‌కు స్లాట్ లేదు. 2012 నుంచి వచ్చిన రెటీనా మ్యాక్‌బుక్ ప్రోలకూ లేదు. వాటికి అడుగుభాగాన బిగించే పట్టీలు, మడత కీలు దగ్గర పట్టుకునే తాళాలు వేరుగా దొరుకుతాయి. ట్యాబ్‌లకు తాళం రంధ్రమున్న గట్టి కేసు వాడవచ్చు. దుకాణంలో ఒక చోటే ఉండే ట్యాబ్‌కు ఇది సరిపోతుంది, చేతిలో పట్టుకుని తిరిగే ట్యాబ్‌కు సరిపోదు. ప్రొజెక్టర్లకు, మానిటర్లకు చాలావరకు స్లాట్ ఉంటుంది, డెస్క్‌టాప్ పెట్టెకు వెనక తాళంకప్ప వేసే రింగు ఉంటుంది, కాబట్టి ఒకే పొడవాటి కేబుల్‌తో మూడింటినీ కలిపి కట్టవచ్చు. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌కు, ఫోన్‌కు కేబుల్ వెతకడంకన్నా తాళం ఉన్న సొరుగు మేలు. విజయనగరంలో మూడు లాంతర్ల చుట్టుపక్కల దుకాణాలు నడిపేవాళ్ళు పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు కేబుల్ మీద ఆధారపడవద్దు. ఆ జనంలో ఎవరు లోపలికి వచ్చారో, ఎవరు బయటికి పోయారో గమనించడం సాధ్యం కాదు. చేతిలో పట్టుకుపోగలిగే ప్రతిదీ ముందురోజే బీరువాలోకి చేర్చాలి.

రైలులో

ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లోనో, విజయనగరం జంక్షన్‌లోనో రాత్రి బండి ఎక్కి హైదరాబాదు, బెంగళూరు వెళ్ళేవాళ్ళు ల్యాప్‌టాప్ స్లాట్‌కు కాదు, సంచికే కేబుల్ వేయాలి. కింది బెర్తు అడుగున సామాను గొలుసు కోసం బిగించిన రింగులు ఉంటాయి. కేబుల్‌ను సంచి మీది పిడికి కాకుండా, జిప్పు రెండు లాగుడు పిన్నుల రంధ్రాల్లోంచీ, పిడిలోంచీ కలిపి దూర్చి రింగుకు వేస్తే సంచి తెరుచుకోదు, కదలదు. అయినా ల్యాప్‌టాప్ ఉన్న సంచిని తలకింద పెట్టుకోవడమే నేను సూచిస్తాను. బెర్తు కింద కట్టవలసినది బట్టల పెట్టెను. నిద్రపోయేటప్పుడు ఫోన్‌ను ఛార్జింగ్ పాయింటుకు వేలాడదీసి వదలవద్దు. పోయిందని తెలిసిన వెంటనే 139కు ఫోన్ చేయండి. టీటీఈ దగ్గర ఎఫ్ఐఆర్ ఫారం దొరుకుతుంది, నింపి ఆయనకే ఇవ్వవచ్చు, బండి దిగి ప్రయాణం ఆపుకోవలసిన పనిలేదు. ఆర్టీసీ బస్సులో పై అరలో పెట్టిన సంచికి కేబుల్ వేసే ఆధారమే ఉండదు కాబట్టి అది ఒళ్ళో ఉండాలి.

ఉప్పుగాలి, తుఫాను

కళింగపట్నం, భావనపాడు, భోగాపురం వైపు ఊళ్ళలో తాళాలు త్వరగా పాడవుతాయి. ఉప్పుగాలికి ముందు చెవిరంధ్రం చుట్టూ తెల్లని పొడి పేరుకుంటుంది, తర్వాత చెవి సగం దాకా దిగి ఆగిపోతుంది, ఒకరోజు తిరగనే తిరగదు. ఇంట్లో ఉన్న కొబ్బరినూనె పోయడం అలవాటు, కాని అది దుమ్మును పట్టుకుని ముద్దై ఇంకా బిగుసుకుంటుంది. గ్రాఫైట్ పొడి కొద్దిగా ఊది చెవిని నాలుగుసార్లు తిప్పితే చాలు. అది దొరక్కపోతే మెత్తని పెన్సిల్ ముల్లును చెవి పళ్ళ మీద రుద్ది వాడవచ్చు. కేబుల్ తొడుగు ఎక్కడైనా చిట్లితే తడి లోపలికి పోయి తీగ తుప్పుపడుతుంది. చిట్లినచోట వంచి చూస్తే పోగులు తెగి గుచ్చుకుంటాయి. అలాంటి కేబుల్‌ను మార్చేయాలి.

తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు కట్టి ఉన్న యంత్రాలను ముందే విప్పండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస, వజ్రపుకొత్తూరు తీరాన్ని తాకాక రోజుల తరబడి కరెంటు లేని ఊళ్ళు ఎన్నో. చీకట్లో, పైకప్పు కారుతున్నప్పుడు, సామాను ఎత్తైన చోటికి చేర్చే హడావుడిలో, గోడకు కట్టిన ల్యాప్‌టాప్ చెవి వెతుక్కోవలసిన పరిస్థితి రాకూడదు. మారుచెవి ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి తెలిసి ఉండాలి. అగ్నిప్రమాదానికీ ఇదే వర్తిస్తుంది.

తాళం తెగినా మిగలవలసినవి

యంత్రంకన్నా దానిలోని సమాచారం విలువైనదైతే, అది కేబుల్‌తో దక్కదు. పాస్‌వర్డు లేనివాళ్ళు డిస్క్‌లోని ఫైళ్ళు చదవలేకుండా చేసే ఏర్పాటును, అంటే విండోస్‌లో బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్, ఆన్ చేసి, పాస్‌వర్డు పనిచేయనప్పుడు తెరవడానికి ఇచ్చే రికవరీ కీని ఆ యంత్రంలో కాక వేరేచోట భద్రపరచండి. ఫైళ్ళ నకలు ఇంట్లోని హార్డ్‌డిస్క్‌లో ఉంచండి. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబరును, కొనుగోలు బిల్లును ఫొటో తీసి మీ ఈమెయిల్‌కు పంపుకోండి. ఫోన్‌లో స్టార్, హ్యాష్, 06, హ్యాష్ నొక్కితే ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, ఐఎంఈఐ నంబరు, కనిపిస్తుంది, దాన్నీ రాసుకోండి. పోలీసులు మొదట అడిగేవి ఇవే.

పోయినచోటు ఏ స్టేషన్ పరిధిలోదన్న వాదనతో తిరగవలసిన అవసరం లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల్లోగా వెళ్ళి సంతకం చేయాలి. ఫోన్ అయితే ఫిర్యాదు నకలు తీసుకుని, అదే నంబరుతో కొత్త సిమ్ తెచ్చుకుని, కేంద్రప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐని బ్లాక్ చేయించండి. దొరికాక అక్కడే అన్‌బ్లాక్ చేసుకోవచ్చు. ల్యాప్‌టాప్‌కు అలాంటి దేశవ్యాప్త బ్లాకింగ్ ఏర్పాటు లేదు కాబట్టి, అదే రోజు మరో యంత్రం నుంచి ఈమెయిల్, బ్యాంకు ఖాతాల పాస్‌వర్డులు మార్చి, పోయిన యంత్రంలో తెరిచి ఉన్న లాగిన్‌లన్నింటినీ మూసేయండి. తెగిన కేబుల్ ముక్క మిగిలి ఉంటే దాన్ని ముట్టుకోకుండా ఫొటో తీసి, పోలీసులు వచ్చేవరకు అలాగే ఉంచండి.